సబ్జెక్ట్ లైన్ మీద స్పామ్ ముద్ర

ఆఫీసు మెయిల్ తెరిస్తే కొన్ని ఉత్తరాల సబ్జెక్ట్ లైన్ ముందు "స్పామ్" అన్న మాట కనిపిస్తుంది. కొన్నిచోట్ల నక్షత్రపు గుర్తుల మధ్య, కొన్నిచోట్ల చదరపు బ్రాకెట్లలో, ఎక్కువగా ఇంగ్లీషు పెద్దక్షరాల్లో. ఆ మాట పంపినవారు రాసింది కాదు. మెయిల్ వచ్చే దారిలో ఉన్న ఒక సర్వర్ దాన్ని పరిశీలించి, అనుమానపడి, అయినా ఆపకుండా, ఆ అనుమానాన్ని సబ్జెక్ట్ ముందు అతికించి లోపలికి పంపింది. జీమెయిల్, యాహూ వంటి సేవలు వాడేవారికి ఈ ముద్ర అంతగా ఎదురుపడదు. అక్కడ స్పామ్ నేరుగా వేరే ఫోల్డర్‌లోకి పోతుంది. సొంత డొమైన్ పేరుతో మెయిల్ నడుపుకునే కంపెనీలు, కాలేజీలు, ఆస్పత్రులు, చిన్న వ్యాపారాల్లో మాత్రం ఇది ఇప్పటికీ మామూలు సంగతే. దీన్ని చూసి బెదిరేవారూ ఉన్నారు, అసలు చూడనట్టే పోయేవారూ ఉన్నారు. ముద్ర ఎవరు వేశారో, ఎంత నమ్మకంతో వేశారో తెలిస్తే ఈ రెండింటి అవసరమూ ఉండదు.

అడగని ప్రకటనల మెయిల్ కొత్తదేం కాదు. 1978 మే 3న అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో మార్కెటింగ్ చూసే గ్యారీ థ్యూర్క్, ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్ వాడుకదారుల్లో దాదాపు 400 మందికి తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మని ఒకే సందేశం పంపాడు. తొలి స్పామ్ అదేనని చరిత్రకారులు చెబుతారు. అప్పట్లో ఫిర్యాదులతో సరిపోయింది. 1990ల చివరికి ఇంటర్నెట్ ఇళ్లలోకి వచ్చాక ఫిర్యాదులతో తీరే స్థితి దాటిపోయింది. సర్వర్లే జల్లెడ పట్టడం మొదలుపెట్టాయి.

జల్లెడలో తేలిన మెయిల్‌ను ఏం చేయాలన్నది ఆ రోజుల్లోనే వచ్చిన చిక్కు. పూర్తిగా తిప్పికొడితే పొరపాటున మంచి ఉత్తరం కూడా పోవచ్చు. సర్వర్‌లోనే వేరే ఫోల్డర్‌లో పెడదామంటే, ఆనాడు ఎక్కువమంది వాడిన పాప్ పద్ధతిలో ఫోల్డర్లన్న ఊసే లేదు. సర్వర్ దగ్గర ఉన్నది ఒకే పెట్టె, దానిలో ఉన్నదంతా ఇంటి కంప్యూటర్‌లోకి దిగుతుంది. పోనీ మెయిల్‌లోని కనబడని హెడర్లలో ఒక గుర్తు పెడదామంటే, ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ వంటి అప్పటి ప్రోగ్రాములు అలాంటి హెడర్లను పట్టించుకునేవి కావు. పంపినవారి పేరు, సబ్జెక్ట్, లోపలి పాఠం లాంటి కొన్నింటిని బట్టి మాత్రమే రూల్ రాసుకునే వీలుండేది. అందుకని సర్వర్ తన మాట చెప్పడానికి సబ్జెక్ట్ లైన్‌నే వాడుకుంది. యంత్రం యంత్రానికి చెప్పాల్సిన కబురు మనిషి చదివే చోట రాయాల్సి వచ్చింది. ఈ ముద్రతో ఇప్పటికీ వచ్చే తంటాలన్నీ దాదాపు అక్కడి నుంచి పుట్టినవే.

ముద్ర వెనకాల ఉండేది తీర్పు కాదు, మార్కుల లెక్క. ఈ పద్ధతిని ప్రపంచమంతా వాడేలా చేసింది స్పామ్‌అసాసిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. జస్టిన్ మేసన్ దీన్ని 2001లో విడుదల చేశాడు. తర్వాత ఇది అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ నీడకు చేరింది. దీనిలో వందల కొద్దీ పరీక్షలుంటాయి. సబ్జెక్ట్ అంతా పెద్దక్షరాల్లో ఉందా, పంపిన సర్వర్ చిరునామా అపకీర్తి జాబితాల్లో ఉందా, పాఠంలో లాటరీ, రుణం, మందుల అమ్మకం మాటలున్నాయా, లింకు పైకి కనబడేది ఒకటి, తీసుకెళ్లేది ఇంకొకటా... ఇలా ఒక్కో పరీక్షకు కొన్ని మార్కులు. కొన్ని పరీక్షలు మార్కులు తగ్గిస్తాయి కూడా. మొత్తం 5కు చేరితే స్పామ్ అని సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే అమరిక; నిర్వాహకులు దాన్ని పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఆర్‌స్పామ్‌డీ అనే మరో జల్లెడ ఇదే లెక్కను అంచెలుగా వాడుతుంది: 4 మార్కులకు మెయిల్‌ను కాసేపు ఆగి మళ్లీ రమ్మంటుంది, 6కు హెడర్లలో స్పామ్ గుర్తు పెడుతుంది, 15కు వాకిట్లోనే తిప్పికొడుతుంది.

వీటితో పాటు నేర్చుకునే పరీక్ష ఒకటుంది. ఏ మాటలు స్పామ్‌లో ఎక్కువగా, ఏవి మంచి ఉత్తరాల్లో ఎక్కువగా వస్తాయో లెక్కగట్టి, కొత్త మెయిల్ ఎటువైపు మొగ్గుతోందో చెప్పే బేయీషియన్ పద్ధతి అది. 2002లో పాల్ గ్రాహమ్ రాసిన వ్యాసంతో ఈ ఆలోచన బాగా ప్రచారంలోకి వచ్చింది. స్పామ్‌అసాసిన్‌లో ఇది పనిచేయడం మొదలుపెట్టాలంటే మామూలు అమరికలో కనీసం 200 స్పామ్‌లు, 200 మంచి మెయిళ్లు చూపించి నేర్పాలి. వాడుకదారులు "ఇది స్పామ్", "ఇది కాదు" అని నొక్కే బటన్లకు విలువ ఇక్కడే ఉంది. నొక్కకుండా డిలీట్ చేసుకుంటూ పోతే జల్లెడకు ఏ సంగతీ తెలియదు.

మార్కుల లెక్క ఎంత గట్టిగా తప్పగలదో 2010 జనవరి 1న తేలింది. నకిలీ తేదీలతో వచ్చే స్పామ్‌ను పట్టడానికి స్పామ్‌అసాసిన్‌లో ఒక రూల్ ఉండేది. తేదీలోని సంవత్సరం చాలా దూరపు భవిష్యత్తుదైతే మార్కులు వేయమని దాని సారాంశం. రాసినప్పుడు 2010 కూడా ఆ దూరపు భవిష్యత్తులోనే కలిసిపోయింది. కొత్త సంవత్సరం రాగానే ఆ జల్లెడ చూసే మెయిళ్లన్నింటికీ ఆ ఒక్క రూల్ వల్లే, అమరికను బట్టి, రెండు నుంచి మూడున్నర మార్కులు పడ్డాయి. హద్దు 5 మాత్రమే కాబట్టి మరో చిన్న అనుమానం తోడైతే చాలు, శుభాకాంక్షల ఉత్తరం మీదా స్పామ్ ముద్ర పడింది. దిద్దుబాటు వెంటనే వచ్చింది. అయితే రూళ్లను నవీకరించుకోని సర్వర్లలో ఆ తప్పు అలాగే కొనసాగింది.

సబ్జెక్ట్ మీద పైకి కనబడే మాటతో పాటు సర్వర్ లోపలి హెడర్లలో ఇంకా వివరంగా రాస్తుంది. ఎక్స్-స్పామ్-ఫ్లాగ్ అనే హెడర్‌లో అవును అన్న ఒక్క మాట ఉంటుంది. ఎక్స్-స్పామ్-స్టేటస్‌లో ఎన్ని మార్కులు వచ్చాయి, హద్దు ఎంత, ఏయే పరీక్షల్లో దొరికింది అన్నది ఉంటుంది. ఎక్స్-స్పామ్-లెవెల్‌లో మార్కుకో నక్షత్రం చొప్పున వరుసగా ఉంటాయి. 5.2 మార్కులతో ముద్ర పడిన మెయిల్‌కూ 25 మార్కులతో పడిన మెయిల్‌కూ సబ్జెక్ట్ లైన్‌లో తేడా కనబడదు. ఈ హెడర్లలో కనబడుతుంది. మొదటిది అనుమానం, రెండోది దాదాపు ఖాయం. జీమెయిల్‌లో "షో ఒరిజినల్", థండర్‌బర్డ్‌లో "వ్యూ సోర్స్", ఔట్‌లుక్‌లో మెసేజ్ ప్రాపర్టీస్ తెరిస్తే ఇవి చదువుకోవచ్చు. స్పామర్లు ముందే "ఇది స్పామ్ కాదు" అని హెడర్ రాసి పంపితే? స్పామ్‌అసాసిన్ బయటి నుంచి వచ్చిన అలాంటి హెడర్లను తుడిచేసి తనవి రాస్తుంది. సబ్జెక్ట్ లైన్‌కు ఆ రక్షణ లేదు, అక్కడ ఎవరైనా ఏమైనా రాసుకోవచ్చు.

ముద్రల మాటలు ఒక్కో వ్యవస్థలో ఒక్కో రకం. స్పామ్‌అసాసిన్‌ది అటు అయిదు, ఇటు అయిదు నక్షత్రాల మధ్య స్పామ్ అన్న మాట. వెబ్ హోస్టింగ్‌లో ఎక్కువగా కనబడే సీప్యానెల్ మూడేసి నక్షత్రాలతో సరిపెడుతుంది. సిస్కో వారి మెయిల్ గేట్‌వే స్పామ్, అనుమానిత స్పామ్, మార్కెటింగ్ వంటి రకాలుగా విడదీస్తుంది. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం పొరపాటు. మార్కెటింగ్ అని ఉంటే ఎప్పుడో కొన్న దుకాణం పంపే ఆఫర్ల మెయిల్ కావచ్చు. విసుగే తప్ప మోసం కాదు, కింద ఉండే అన్‌సబ్‌స్క్రైబ్ లింకు నొక్కితే సాధారణంగా ఆగిపోతుంది. స్పామ్ అని గట్టిగా ముద్ర పడిన అపరిచిత మెయిల్‌లో అదే లింకు నొక్కితే ఈ చిరునామాలో మనిషి ఉన్నాడని స్పామర్‌కు చెప్పినట్టవుతుంది.

"ఎక్స్‌టర్నల్" అన్న ముద్ర సంగతి పూర్తిగా వేరు. అది స్పామ్ గురించి ఏమీ చెప్పదు. మెయిల్ సంస్థ బయటి నుంచి వచ్చిందని మాత్రమే చెబుతుంది. మేనేజింగ్ డైరెక్టర్ పేరుతో వచ్చిన "అర్జెంటుగా ఈ ఖాతాకు డబ్బు పంపండి" అన్న మెయిల్ మీద ఈ ముద్ర ఉంటే అకౌంట్స్ విభాగం జాగ్రత్తపడాలని ఉద్దేశం. మంచి ఆలోచనే. కాకపోతే బయటి నుంచి వచ్చే ప్రతి మెయిల్ మీదా అది ఉంటుంది కాబట్టి కొన్నాళ్లకు కన్ను దాన్ని చదవడం మానేస్తుంది. మైక్రోసాఫ్ట్ 2021లో సబ్జెక్ట్‌ను ముట్టుకోకుండా ఔట్‌లుక్ తెరపైనే ఆ గుర్తు చూపించే సదుపాయం తెచ్చింది. సబ్జెక్ట్ అలాగే ఉంటుంది, హెచ్చరికా ఉంటుంది.

ముద్ర పడిన మెయిళ్లను ఇన్‌బాక్స్ నుంచి పక్కకు తప్పించడానికి రూల్ రాసుకోవడం అందరూ చేసే పని. దీనిలో జరిగే తప్పుల్లో పెద్దది నేరుగా డిలీట్ చేయమని రాయడం. ఇంటర్వ్యూ పిలుపు, కొత్త కస్టమర్ మొదటి విచారణ, ఆస్పత్రి రిపోర్టు లాంటివి సరిగ్గా జల్లెడకు అనుమానం కలిగించే రకం ఉత్తరాలు: పంపినవారు కొత్తవారు, అటాచ్‌మెంట్ ఉంటుంది, సర్వర్ ఎక్కడిదో తెలియదు. వేరే ఫోల్డర్‌లోకి పంపి, రోజుకో రెండు రోజులకో ఒకసారి పైపైన చూసుకుంటే సరిపోతుంది. ఫోల్డర్‌ను తనంతట తాను ఖాళీ చేసే అమరిక ఉంటే గడువు ఎంతో తెలుసుకోవాలి. జీమెయిల్ స్పామ్ ఫోల్డర్‌లో ఆ గడువు 30 రోజులు.

రెండో తప్పు, రూల్‌లో స్పామ్ అన్న ఒంటి మాట పెట్టడం. అప్పుడు "స్పామ్ సమస్య గురించి మీటింగ్" అని సహోద్యోగి పంపిన మెయిల్ కూడా వెళ్లిపోతుంది. నక్షత్రాలతో, బ్రాకెట్లతో సహా ముద్రను ఉన్నదున్నట్టు రూల్‌లో పెట్టాలి. జీమెయిల్‌లో ఇదీ కుదరదు. దాని వెతుకులాట బ్రాకెట్లను, నక్షత్రాలను లెక్కచేయదు, మాటను మాత్రమే చూస్తుంది. అలాంటిచోట సబ్జెక్ట్‌లోని మాటకు తోడు, ముద్ర వేసే సర్వర్ గుండా వచ్చే చిరునామాను కూడా షరతుగా పెట్టుకోవడం మేలు.

వీలున్నచోట సబ్జెక్ట్‌ను వదిలేసి హెడర్‌ను బట్టి రూల్ రాయడమే సరైన పద్ధతి. ఔట్‌లుక్‌లో మెసేజ్ హెడర్‌లో ఫలానా మాటలుంటే అన్న షరతు ఉంది. థండర్‌బర్డ్‌లో ఖాతా అమరికల్లోని జంక్ విభాగంలో స్పామ్‌అసాసిన్ వంటి జల్లెడలు పెట్టిన హెడర్లను నమ్మమని ఒక్క టిక్కు పెడితే చాలు. లెవెల్ హెడర్‌లోని నక్షత్రాలు ఇక్కడ బాగా పనికొస్తాయి: పదిహేను నక్షత్రాలున్న మెయిల్‌ను చెత్తబుట్టలోకి, అయిదు నుంచి పద్నాలుగు ఉన్నదాన్ని చూసుకోవాల్సిన ఫోల్డర్‌లోకి పంపవచ్చు. సబ్జెక్ట్ ముద్రతో ఈ విభజన సాధ్యం కాదు. రూల్ పనిచేస్తోందో లేదో చూడటానికి నిజమైన స్పామ్ కోసం ఎదురుచూడనక్కర్లేదు. జీట్యూబ్ అనే 68 అక్షరాల పరీక్ష వాక్యం ఒకటుంది. అది ఉన్న మెయిల్‌కు స్పామ్‌అసాసిన్ ఏకంగా 1000 మార్కులు వేస్తుంది. హానిలేని ఆ వాక్యాన్ని బయటి చిరునామా నుంచి పంపుకుని చూడవచ్చు. పంపే సర్వర్ కూడా దాన్ని పట్టుకుని ఆపేయగలదు కాబట్టి నిర్వాహకుడికి ముందే చెప్పడం మర్యాద.

మంచి మెయిల్ మీద ముద్ర పడిందనిపిస్తే మొదట పంపినవారి పూర్తి చిరునామా చూడాలి, పేరు కాదు. పేరు ఎవరైనా పెట్టుకోగలరు. అనుమానం మిగిలితే ఆ మెయిల్‌లోని ఫోన్ నంబరుకు కాకుండా ముందే తెలిసిన నంబరుకు ఫోన్ చేసి అడగాలి. స్పామ్‌అసాసిన్ కొన్ని అమరికల్లో అసలు ఉత్తరాన్ని అటాచ్‌మెంట్‌గా మార్చి, పైన తన నివేదిక పెట్టి పంపుతుంది; అటాచ్‌మెంట్ తెరవకముందే ఎందుకు పట్టుకుందో ఆ నివేదికలో చదవవచ్చు. నిజంగా మంచిదేనని తేలితే "స్పామ్ కాదు" అని తెలియజేసి, ఆ చిరునామాను నమ్మకమైన జాబితాలో చేర్చమని నిర్వాహకుడిని అడగాలి. ఆ జాబితాలో ఒక్క చిరునామా చేర్చడం వేరు, మొత్తం డొమైన్ చేర్చడం వేరు. సొంత సంస్థ డొమైన్‌ను దానిలో చేర్చడం అన్నిటికంటే ప్రమాదం. స్పామర్లు ముందుగా దొంగిలించేది ఆ పేరునే.

దీనికి మరో వైపు కూడా ఉంది. ముద్ర లేనంత మాత్రాన మెయిల్ నమ్మదగినది కాదు. డబ్బు కాజేసే మోసపు మెయిళ్లు చాలావరకు రెండు మూడు వాక్యాలే. లింకులుండవు, బొమ్మలుండవు, అరుపుల అక్షరాలుండవు. మార్కులు వేయడానికి జల్లెడకు వాటిలో పట్టు దొరకదు. ముద్రలకు అలవాటుపడిన కన్ను, ముద్ర లేని మెయిల్‌ను పరీక్ష నెగ్గినదిగా తీసుకుంటుంది. స్పామ్ ముద్ర చేసే పెద్ద హాని బహుశా ఇదే.

ముద్ర పడిన మంచి మెయిల్‌కు జవాబు రాస్తే ఇంకో ఇబ్బంది. "రీ" తర్వాత ఆ ముద్ర అలాగే ఉండిపోతుంది. ఉద్యోగానికి దరఖాస్తు పంపిన అభ్యర్థికి, కొటేషన్ అడిగిన వ్యాపారికి తన ఉత్తరాన్ని అవతలివాళ్లు స్పామ్ అన్నారని తెలుస్తుంది. అవతలి పెట్టెలో కూడా సబ్జెక్ట్ చూసి తప్పించే రూల్ ఉంటే జవాబు ఎవరి కంటా పడదు. వారు తిరిగి జవాబిస్తే మళ్లీ ముద్ర పడి, ఒకే సబ్జెక్ట్ ముందు రెండు మూడు ముద్రలు పేరుకుంటాయి. సబ్జెక్ట్ మారితే కొన్ని ప్రోగ్రాములు దాన్ని వేరే సంభాషణగా విడగొడతాయి. జీమెయిల్ అలాగే చేస్తుంది. కాబట్టి జవాబు లేదా ఫార్వర్డ్ నొక్కాక సబ్జెక్ట్ లైన్‌లోకి వెళ్లి ముద్రను చేత్తో చెరిపేయాలి. బయటికి వెళ్లే మెయిళ్ల నుంచి ముద్రను తానే తీసేసేలా సర్వర్‌లో నిర్వాహకుడు ఒక రూల్ పెట్టగలడు. కస్టమర్ ఫిర్యాదులను నంబరు వేసి నడిపే సంస్థల్లో ఇది తప్పనిసరిగా ఉండాలి.

తెలుగులో సబ్జెక్ట్ రాసేవారికి తెలియాల్సిన సంగతి ఒకటుంది. మెయిల్ హెడర్లు మొదట ఇంగ్లీషు అక్షరాల కోసమే ఏర్పడ్డాయి. ఇతర లిపులను వాటిలో ఎలా ఇమిడ్చాలో 1996లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2047 నిర్ణయించింది: పాఠాన్ని ఇంగ్లీషు అక్షరాలు, అంకెల సంకేతంగా మార్చి, 75 గుర్తులకు మించని ముక్కలుగా రాయాలి. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగులోని ప్రతి అచ్చూ, హల్లూ, గుణింతపు గుర్తూ, పొల్లూ మూడేసి బైట్లు తీసుకుంటాయి. "స్త్రీ" అన్న ఒక్క అక్షరానికే ఆరు గుర్తులు, 18 బైట్లు. బేస్‌64 సంకేతంలో ఒక్కో ముక్కలో పట్టేవి 45 బైట్లు, అంటే 15 తెలుగు గుర్తులు. "సంక్రాంతి శుభాకాంక్షలు" అన్న చిన్న సబ్జెక్ట్ కూడా రెండు ముక్కలవుతుంది.

ముద్ర వేసే సర్వర్ ఈ సంకేతానికి ముందు తన మాట రాస్తుంది. మధ్యలో ఒక ఖాళీ వదిలితే పేచీ లేదు. ఖాళీ లేకుండా అంటించేస్తే ఆ ముక్క సంకేతమన్న గుర్తింపు పోతుంది. అప్పుడు చదివేవారికి తెలుగు సబ్జెక్ట్ బదులు ప్రశ్నార్థకాలు, సమానం గుర్తులు, అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల వరుస కనిపిస్తుంది. స్పామ్ ముద్ర పక్కన అలాంటి గజిబిజి ఉంటే ఎవరైనా తెరవకుండానే తీసేస్తారు. తెలుగు సబ్జెక్టులు పాడై వస్తున్నాయన్న ఫిర్యాదు వస్తే నిర్వాహకుడు ముందుగా చూడాల్సిన చోట్లలో ఈ ఖాళీ ఒకటి. మెయిల్ ఏ భాషల్లో వస్తుందో చెప్పే అమరిక కూడా స్పామ్‌అసాసిన్‌లో ఉంది. అక్కడ ఎవరో ఇంగ్లీషు ఒక్కటే అని పెట్టి ఉంటే, ఇతర భాషలో ఉందన్న కారణంతోనే ఉత్తరానికి మార్కులు పడతాయి.

సబ్జెక్ట్‌ను దారిలో మార్చడం సాంకేతికంగా కూడా ఇప్పుడు ఖరీదైన పని. పంపే సర్వర్ మెయిల్ మీద డిజిటల్ సంతకం చేసే డీకిమ్ పద్ధతి 2007లో ప్రమాణంగా వచ్చింది. ఆ సంతకంలో సాధారణంగా సబ్జెక్ట్ లైన్ కూడా కలిసి ఉంటుంది. రిజిస్ట్రేషన్ అయ్యాక దస్తావేజులో ఒక్క అక్షరం దిద్దినా అది చెల్లనట్టు, సబ్జెక్ట్‌కు ఒక మాట చేరిస్తే ఆ సంతకం చెల్లదు. ముద్ర వేసిన సర్వరే చివరి గమ్యమైతే నష్టం లేదు; సంతకాన్ని ముందే సరిచూసుకుని ఉంటుంది. అక్కడి నుంచి మెయిల్ మరో ఖాతాకు తనంతట తాను ఫార్వర్డ్ అయితేనే అసలు కథ. కాలేజీ చిరునామాకు వచ్చిన మెయిల్ జీమెయిల్‌కు వెళ్లేలా పెట్టుకోవడం చాలామంది చేసేదే. ఫార్వర్డ్ చేసిన సర్వర్ అసలు డొమైన్ అనుమతించిన సర్వర్ల జాబితాలో ఉండదు కాబట్టి ఎస్‌పీఎఫ్ పరీక్ష తప్పుతుంది. ముద్ర వల్ల డీకిమ్ కూడా తప్పుతుంది. రెండూ తప్పితే, వాటి ఫలితాల మీదే ఆధారపడే డీమార్క్ పరీక్ష పోయినట్టే. అసలు డొమైన్ యజమాని అలాంటివాటిని తిప్పికొట్టమని ప్రకటించి ఉంటే మెయిల్ చేరనే చేరదు. దారిలో జరిగిన మార్పులకు సాక్ష్యం చేర్చే ఆర్క్ అనే ఏర్పాటు 2019లో ప్రయోగాత్మకంగా వచ్చింది గానీ, సబ్జెక్ట్‌ను ముట్టుకోకుండా ఉండటం అంతకంటే తేలిక.

ఇంతవరకూ అందుకునేవారి సర్వర్ వేసే ముద్ర గురించి. పంపేవారే ముద్ర వేసుకోవాలని చట్టాలు చేసిన రోజులూ ఉన్నాయి. కాలిఫోర్నియాలో 1999 నుంచి అడగని ప్రకటన మెయిల్ సబ్జెక్ట్ మొదట్లో "ఏడీవీ" అన్న మూడక్షరాలు, కోలన్ ఉండాలన్నారు. జపాన్ 2002లో ఇది అడగని ప్రకటన అని జపనీస్‌లో రాయమంది. దక్షిణ కొరియా ప్రకటన అన్న మాట పెట్టమంది, సింగపూర్ 2007 చట్టం కూడా ఏడీవీ ముద్ర అడిగింది. స్పామర్లు దీన్ని దాటిన తీరు చూడముచ్చటగా ఉంటుంది. జపాన్‌లో ముద్రలోని మొదటి చైనా లిపి అక్షరాన్ని, రెండు అడ్డగీతల పొడవు మాత్రమే తారుమారైన మరో అక్షరంతో మార్చారు. మనిషి కంటికి చట్టం పాటించినట్టే ఉంటుంది, ఫిల్టర్‌కు మాత్రం చిక్కదు. జపాన్ చివరికి 2008లో ముందస్తు అనుమతి లేకుండా ప్రకటన మెయిల్ పంపకూడదన్న పద్ధతికి మారింది. అమెరికాలో క్యాన్-స్పామ్ చట్టం 2004 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అశ్లీల మెయిళ్లకు సబ్జెక్ట్‌లో హెచ్చరిక తప్పనిసరి చేసిన ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ప్రకటనలన్నింటికీ ఏడీవీ ముద్ర పెట్టడం మాత్రం పనికిరాదని 2005లో అమెరికా కాంగ్రెస్‌కు నివేదించింది. చట్టానికి కట్టుబడే దుకాణదారు ముద్ర వేస్తాడు, వాడి మెయిలే ఫిల్టర్‌లో చిక్కుతుంది, దొంగ వేయడు.

"ఇది స్పామ్ కాదు" అన్న ముద్రకూ అదే గతి పట్టింది. హబియస్ అనే అమెరికా కంపెనీ 2002లో ఒక హైకూ రాయించి, దాని మీద కాపీరైట్ తీసుకుని, నిజాయితీగా మెయిల్ పంపేవారు దాన్ని మెయిల్ హెడర్లలో పెట్టుకునే ఏర్పాటు చేసింది. స్పామర్ వాడితే కాపీరైట్ దొంగతనం కింద కోర్టుకు లాగవచ్చని లెక్క. కవిత్వానికి దొరికిన అపురూపమైన ఉద్యోగం. స్పామర్లు కొన్నాళ్లకే ఆ హైకూను కూడా ఎత్తుకుపోయారు.

భారతదేశంలో స్పామ్ మెయిల్ కోసమే చేసిన చట్టం లేదు. చికాకు పెట్టే, తప్పుదారి పట్టించే మెయిళ్లను ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ కొంత తాకేది. భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో ఆ సెక్షన్‌నే కొట్టేసింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనలు ఫోన్ కాల్స్‌కు, ఎస్‌ఎంఎస్‌లకు వర్తిస్తాయి, మెయిల్‌కు కాదు. ఆ నిబంధనలకు 2025 ఫిబ్రవరిలో చేసిన సవరణతో ఎస్‌ఎంఎస్ పంపినవారి పేరు చివర ప్రచారానికి పీ, సేవకు ఎస్, లావాదేవీకి టీ, ప్రభుత్వానికి జీ అన్న అక్షరం చేరింది. పంపేవారు ముందే నమోదు చేసుకుని ఉండాలి, ఆ అక్షరాన్ని టెలికాం నెట్‌వర్క్ చేరుస్తుంది. మెయిల్‌కు అలాంటి ఏకైక ద్వారపాలకుడు లేడు. ఏ సర్వర్ నుంచి ఏ సర్వర్‌కైనా నేరుగా వెళ్లవచ్చు. ఇప్పుడు ఆ లోటును కొంత పూరిస్తున్నది పెద్ద మెయిల్ సంస్థలే. జీమెయిల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి పెద్దఎత్తున మెయిల్ పంపేవారి మీద షరతులు పెట్టాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా పంపేవారికి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలి, ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో ఆపుకునే వీలుండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు.

సబ్జెక్ట్ ముద్రను మానేయాలనుకునే సంస్థ ఒక్క రోజులో ఆపేస్తే ఇంతకాలం పక్కకు పోయిన స్పామ్ అంతా ఇన్‌బాక్స్‌లోకి వచ్చిపడుతుంది. ఉద్యోగులు రాసుకున్న రూళ్లు ఆ మాట కోసమే వెతుకుతుంటాయి కదా. అందుకని ముందు హెడర్లు సరిగా పడుతున్నాయో చూసుకోవాలి. తర్వాత హెడర్‌ను బట్టి జంక్ ఫోల్డర్‌లోకి పంపే రూల్‌ను సర్వర్‌లోనే అందరికీ ఒకేసారి పెట్టాలి. కొన్ని వారాలు హెడరూ, సబ్జెక్ట్ ముద్రా రెండూ నడవనివ్వాలి. ఇంకా పాప్ పద్ధతిలోనే మెయిల్ దించుకునేవారెవరో ఆ వ్యవధిలో సర్వర్ లాగ్‌ల నుంచి తెలుసుకుని, వారిని ఫోల్డర్లు చూపే ఐమాప్ పద్ధతికి మార్చాలి. ఫోల్డర్లు లేని పాప్‌లో జంక్‌లోకి వెళ్లిన మంచి ఉత్తరం వారికి ఎప్పటికీ కనబడదు. వారందరూ మారాకే సబ్జెక్ట్ తిరగరాసే అమరికను తీసేయవచ్చు.